ఒకటి కొడితే ఆగు

“నీళ్ళు కట్టేశానోయ్... ఎవరూ కుళాయిలు తిప్పకండి...”

వీధి చివరి నుంచి పైపుల మేస్త్రి వేసిన కేక అది. మనిషి చూస్తే గుప్పెడంత. గొంతు మాత్రం ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పటి కూడా ఉలిక్కిపడేంత. ముప్పై ఏళ్ళు గోతుల్లోంచి పైకి కేకలేసి కేకలేసి అలా తయారైందని ఆయనే చెప్పుకుంటాడు.

ఆ కేక వినగానే వంటింట్లో కోడలు చేతిలో గిన్నె కింద పెట్టి గోడకి చేరబడింది. కళ్ళు మూసుకుంది. ఇవాళ్టితో సరి, అనుకుంది. మూడు నెలల్లో ఆమె ఏ పనీ చెయ్యకుండా నిలబడ్డ నిమిషం అదొక్కటే.

కోడలికి పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, ఆ వీధిలో ఎవరికీ తెలీదు. అత్తగారు పదిహేనేళ్ళుగా గుమ్మంలో కూర్చుని, పోయేవాణ్ణీ వచ్చేవాణ్ణీ ఆపి “మా కోడలు... మా కోడలు...” అని చెప్పి చెప్పి, ఆ పేరు కాస్తా అరగదీసేసింది. కూరగాయలబ్బి కూడా “కోడలుగారూ, తాజా సరుకు” అనే అంటాడు.

ఇక అత్తగారి సంగతి. ఆవిడకి చెవులు వినపడవు. కొంచెం కాదు, బొత్తిగా. నెత్తిన పిడుగు పడినా, “ఎవరో తలుపు తీసినట్టున్నారు, గాలి కొడుతోంది” అనే రకం. ఏడేళ్ళయింది అలా అయి. అందుకని ఇంట్లో ఎవరు ఏం చెప్పాలన్నా చేతులతో చెప్పాల్సిందే.

కోడలు ముందు గదిలోకి వెళ్ళి, అత్తగారి మంచం ముందు నిలబడి, కుళాయి తిప్పుతున్నట్టు చెయ్యి గుండ్రంగా తిప్పింది.

“ఇప్పుడు పిండి విసరడం ఎందుకే?” అంది అత్తగారు.

“పిండి కాదు అత్తయ్యా. పైపు. మన పైపు. కొత్తది.” గోడ చూపించింది, వీధి చూపించింది, గ్లాసు ఎత్తి తాగినట్టు చూపించింది.

“ఆ, ఆ, అదా. ఇన్నాళ్ళకి నీ పంతం నెగ్గించుకున్నావన్నమాట. నెగ్గించుకో.” అత్తగారు అటు తిరిగి పడుకుంది.

పంతమే. కాదనడానికి లేదు.

ఆ ఇల్లూ, పక్కిల్లూ ఒకే గోడకి అటొకటీ ఇటొకటీ అతుక్కుని ఉంటాయి, బెంచీ మీద సర్దుకుని కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళలా. కట్టినవాడు ఒక్కడే. కట్టేటప్పుడు పొదుపు చేశాడో, బద్ధకించాడో, రెండిళ్ళకీ కలిపి ఒకటే ఇనుప పైపు వేయించాడు. ఆ పైపు వీధిలోంచి ముందు పక్కింట్లోకి వెళ్ళి, ఆ వంటింటి గోడ వెంబడి నేలకి జానెడు ఎత్తులో పాకి, అక్కడో కుళాయికి నీళ్ళిచ్చి, ఆ తరవాత గోడకి బెజ్జం చేసుకుని కోడలి వంటింట్లోకి వస్తుంది. నీళ్ళా సన్నం. ఇక్కడ తిప్పితే అక్కడ రావు, అక్కడ తిప్పితే ఇక్కడ రావు. ఒకళ్ళు పట్టుకుంటుంటే ఇంకొకళ్ళు నోరు తెరుచుకుని కూర్చోవాల్సిందే.

పక్కింట్లో బొత్తాల పెద్దమ్మ ఉండేది. బట్టల దుకాణాల వాళ్ళకి చొక్కాలకి బొత్తాలు కుట్టిచ్చేది. ఒక్కర్తే. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా నడిమి వేలికి ఒక ఇత్తడి టోపీ తొడుక్కునేది. నిద్రలో కూడా తీయదని వీధిలో వేళాకోళం చేసేవాళ్ళు. “తీస్తే మళ్ళీ ఎక్కదురా, వేలు లావెక్కింది” అనేదావిడ నవ్వుతూ.

ఆ పెద్దమ్మే కనిపెట్టింది పైపు భాష. గోడ దాటి అరవడం ఎందుకని, వేలి టోపీతో పైపు మీద కొట్టేది. రెండు కొడితే, నాకు కావాలి కాస్త కట్టెయ్యి అని. మూడు కొడితే, నా పనైపోయింది ఇంక నువ్వు పట్టుకో అని. ఒకటి కొడితే, ఆగు అని. అంతే. ఇనుము కదా, గోరుతో గీకినా అవతల చెవిలో చెప్పినట్టు వినపడేది. ఇటు నుంచి కోడలు గరిటెతో జవాబిచ్చేది. పన్నెండేళ్ళు అలా నడిచింది. “మొగుడూ పెళ్ళాలు కూడా ఇంత పొందిగ్గా మాట్లాడుకోరు” అనేవాడు కోడలి భర్త, లారీల షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ. “నువ్వూ నాతో అలాగే మాట్లాడరాదూ, ఒంటికి మంచిది.”

మూడు నెలల కిందట పెద్దమ్మ పోయింది. వంటింట్లో కింద పడి ఉంటే మర్నాడు పొద్దున చూశారు. దూరాన ఉన్న ఆవిడ తమ్ముడి కొడుకొకడు వచ్చి, జరగాల్సినవి జరిపించి, తాళం వేసి, తాళంచెవి కోడలి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంక పైపంతా కోడలిదే. ఎప్పుడు తిప్పితే అప్పుడు నీళ్ళు. మరి ఆవిడ ఏం చేసిందయ్యా అంటే, ఇంట్లో కుళాయి వదిలేసి, వీధి మొగలో ఉన్న కుళాయి దగ్గరికి బిందె పట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. పొద్దున ఆరు బిందెలు, సాయంత్రం ఆరు. చంకలో కాయ కాసింది. నడుం వంగితే లేవదు, లేస్తే వంగదు. రాత్రి మంచం మీద వాలితే ఒళ్ళు ఎవరిదో తెచ్చుకుని పడేసినట్టుండేది.

“పాత పైపు తుప్పు వాసనొస్తోందండీ” అనేది భర్తతో.

“నాకు రావట్లేదే.”

“మీకు డీజిలు వాసన తప్ప ఇంకేదీ రాదు. మనకి వేరే లైను వేయించండి. వీధి పైపు నుంచి సూటిగా మన ఇంటికి. ఆ ఇంటి గడప తొక్కకుండా.”

వాసన కాదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె కుళాయి తిప్పితే, నీళ్ళు సన్నగా మొదలవుతాయి. ఒక చెంబు నిండుతుంది. అప్పుడు పైపులోంచి వినపడుతుంది.

టక్. టక్.

రెండు.

కట్టేస్తే ఆగుతుంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ రెండు. కూతురు ఉన్నప్పుడు రాదు, భర్త ఉన్నప్పుడు రాదు. ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే, “ఎందుకు కొడుతోందంటావు?” అని అడుగుతారు కదా. ఆ ప్రశ్న ఒక్కటి రాకుండా ఉంటే చాలు, ఇంకో వెయ్యి బిందెలైనా మోస్తాను అనుకుంది. కానీ మోయలేకపోయింది. ఒళ్ళు కదా, ఇనుమా?

అందుకే ఇవాళ మేస్త్రి.

పది గంటలకల్లా ఇంటి పక్క సందులో మోకాలి లోతు కాలవ తవ్వేశాడు. నల్లటి ప్లాస్టిక్ పైపు చుట్ట విప్పి, ఎండలో పరిచాడు. పాములా మెలికలు తిరిగి ఉన్నది కాస్తా వేడికి మెత్తబడి తిన్నగా పడుకుంది.

“ఈ గోడలోంచే తీసుకురానా చెల్లెమ్మా, పాత బెజ్జం ఉందిగా? పని తేలిక.”

“వద్దన్నయ్యా. ఎదురు గోడ. ఆ ఇంటికి ఎక్కడా తగలకూడదు.”

“తగలదులే. మీ లైను మీదే. మీరు తిప్పితే మీకే, మీరు కడితే మీకే.”

“చప్పుడు రాదుగా?”

“ఏం చప్పుడు?”

“పైపులో. టకటకమని.”

మేస్త్రి నవ్వాడు. “ఇనుము వాగుడుకాయ చెల్లెమ్మా. మా ఇంటిదాన్లాగ. ఇక్కడ గోకితే అక్కడ చెప్పేస్తుంది. ఇదుందే, ఇది మూగది. సుత్తి పెట్టి బాదినా కిక్కురుమనదు.”

“నిజంగా?”

“బాదమంటావా?”

ఆమె కూడా కాస్త నవ్వింది. నవ్వి ఎన్నాళ్ళయిందో, బుగ్గలు నొప్పెట్టాయి.

మధ్యాహ్నానికి కొత్త పైపు వంటింటి ఎదురు గోడ దాకా వచ్చింది. తళతళలాడే కుళాయి బిగించాడు. ఇక వీధి పైపుకి కలపడమే. మేస్త్రి చేతులు దులుపుకుని, “ఆ ఇంటి తాళంచెవి ఉందన్నావుగా, పట్రా” అన్నాడు.

“ఎందుకు?”

“పాత పైపు అక్కడ కోసి మూత బిగించాలి కదా. లేకపోతే వీధిలో నీళ్ళు తిప్పగానే ఆ ఇల్లు చెరువైపోతుంది. మీకు తాళంచెవి ఇచ్చినాయన ఫోనులో సరేనన్నాడు. నువ్వు కాస్త టార్చి పట్టుకో, లోపల కరెంటు కట్టేసుంటుంది.”

ఈ ముక్క ఆమె ఆలోచించుకోలేదు. ఆ ఇంటి గడప తొక్కకూడదనే ఇంత చేసింది. తీరా చేస్తే, గోరుచుట్టు మీద రోకటిపోటు.

తాళం తుప్పు పట్టి రెండు సార్లు మొరాయించింది. తలుపు తీయగానే లోపలి గాలి బయటికి వచ్చింది. మూసిన ఇంటి గాలి. తడి నూలు వాసన, కుట్టు మిషను నూనె వాసన, వాటి వెనక ఇంకేదో... నీళ్ళు లేని కుండలోంచి వచ్చే వాసన లాంటిది. బయట ఎండ మండిపోతున్నా లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గదిలో చొక్కాలు అలాగే మడతపెట్టి ఉన్నాయి, సగానికి బొత్తాలు ఉన్నాయి, సగానికి లేవు. డబ్బాలో తెల్ల బొత్తాలు టార్చి వెలుగుకి కళ్ళలా మెరిశాయి.

వంటింటి గుమ్మం దగ్గర ఆమె ఆగిపోయింది.

“లోపలికి పట్టు చెల్లెమ్మా. నా వీపు మీద పడుతోంది వెలుగు.”

ఒక అడుగు వేసింది. మేస్త్రి గోడ దగ్గర గొంతుక్కూర్చుని, పైపు మీద అరచెయ్యి పెట్టి తడుముకుంటూ వెళ్ళాడు. కుళాయి కింద దాకా వచ్చి ఆగాడు.

“ఇదేంటిది?”

పైపుకి ఎప్పుడో ఆకుపచ్చ రంగు వేశారు. అంతా బాగానే ఉంది. కానీ కుళాయికి ఇంకా కింద, నేలకి జానెడు ఎత్తున ఒకచోట, మూరెడు మేర రంగంతా లేచిపోయి ఇనుము తేలింది. ఇనుము మీద చిన్న చిన్న నొక్కులు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి. లెక్కలేనన్ని.

“కొట్టారు ఎవరో” అన్నాడు మేస్త్రి. “కొట్టేవాళ్ళు పైన కొడతారు గానీ, ఇంత కింద ఎవరు కొడతారు? ఇక్కడ కొట్టాలంటే నేల మీద పడుకుని కొట్టాలి.”

ఆయనకేం తెలుసు పాపం. మామూలుగానే అన్నాడు. టార్చి వెలుగు పైపు మీంచి నేల మీదికి జారింది.

“చెయ్యి లాగుతోందా? ఇంకాసేపే... ఇదిగో, ఇదేదో ఉంది.” పైపుకీ గోడకీ మధ్య సందులోంచి వేలితో బయటికి లాగాడు. ఇత్తడి టోపీ. పైభాగం అణిగిపోయి, ఒక పక్క పగిలింది. “పెద్దావిడదేనా? దాచు.” ఆమె అరచేతిలో పెట్టాడు.

చల్లగా ఉంది. తడిగా కూడా ఉంది.

ఆ రోజు...

ఆ రోజు అత్తగారికి జ్వరం. ముందు గదిలో ముసుగుపెట్టి పడుకుంది. భర్త షెడ్డుకి వెళ్ళాడు, కూతురు బడికి వెళ్ళింది. రెండు రోజుల దుప్పట్లు, బట్టలు నానబెట్టి ఉన్నాయి. కోడలికి ముందు రోజు రాత్రి నిద్ర లేదు. పొద్దున తొమ్మిదింటికి సబ్బు చేతులతో కుళాయి తిప్పి కూర్చుంది. అప్పుడే పైపు మోగింది. రెండు.

అబ్బా, ఇప్పుడేనా, అనుకుని గరిటె తీసి ఒకటి కొట్టింది. ఆగు.

మళ్ళీ రెండు.

ఒకటి. ఆగు పెద్దమ్మా.

మళ్ళీ రెండు. సరే పోనీ అని కుళాయి కట్టేసి, చేతులకి నురుగు ఎండిపోతుంటే కూర్చుంది. అవతల నీళ్ళు పట్టుకుంటే పైపులో సరసరమని తెలుస్తుంది. తెలియలేదు. నీళ్ళు పట్టుకోవడమూ లేదు, కొట్టడం మానడమూ లేదు. రెండు. రెండు. రెండు. ముసలిదానికి చాదస్తం ముదిరింది, అనుకుంది. ఒళ్ళు మండింది. కుళాయి మళ్ళీ తిప్పేసింది. అవతల రెండు కొట్టినప్పుడల్లా ఇవతల ఒకటి కొడుతూ బట్టలు ఉతుక్కుంది. ఆగు. ఆగు. ఆగు.

మధ్యాహ్నానికి చప్పుడు మెల్లగా అయింది. రెండింటికీ మధ్య ఎడం ఎక్కువైంది. దీపాలు పెట్టేవేళకి, కూతురు ఆటల నుంచి ఇల్లు చేరకముందే, ఆగిపోయింది.

హమ్మయ్య, అనుకుంది. ఆ మాట ఆమెకి ఇప్పటికీ గుర్తుంది. హమ్మయ్య.

పన్నెండేళ్ళుగా పైపు మోగితే నీళ్ళ కోసమే. ఇంకో అర్థం ఉంటుందని తోచలేదు. ఇంకెవరైనా అయితే, అదేమిటా అని వెళ్ళి చూసేవాళ్ళు. ఆ భాష రాబట్టే ఆమె వెళ్ళలేదు.

మర్నాడు భర్త అడిగాడు, “పైపు మీద కొట్టలేదూ పెద్దమ్మ?” అని.

“లేదండీ. ఏమీ వినపడలేదు.”

ఒక్క మాట. అది ఇంక వెనక్కి తీసుకోవడం కుదరలేదు.

మేస్త్రి రంపం బ్లేడు పెట్టి కోశాడు. పాత ఇనుము కీచుమంది. కోసిన రెండు ముక్కలూ ఊడబెరికి భుజాన వేసుకున్నాడు. “వీధి వైపు మూత బిగించేశాను. మీ వైపు ముక్క గోడలో ఉండిపోయింది. ఇవతల చివర ఖాళీ. వెళ్ళి మీ పాత కుళాయి తిప్పి పెట్టు, ఉన్న నీళ్ళు కారిపోతాయి. నేనలా టీ తాగొచ్చి దాని పని చూస్తాను.”

ఆమె ఇంటికి వచ్చి కుళాయి తిప్పింది. నాలుగు చుక్కలు ఎర్రగా పడ్డాయి. ఆగిపోయింది. అంతే, ఇంక ఆ పైపు లేదు. గోడలో మూరెడు ఇనుప ముక్క, దానికి ఇటు ఒక చచ్చిన కుళాయి. అంతకుమించి ఏమీ లేదు. గోడకి చేరబడి కింద కూర్చుండిపోయింది.

కిటికీలోంచి వీధి కనపడుతోంది. మేస్త్రి టీ కొట్టు ముందు నిలబడి గ్లాసు ఊదుకుంటున్నాడు. కోసిన పైపు ముక్కలు ఆయన కాళ్ళ దగ్గర ఉన్నాయి.

టక్. టక్.

ఆమె కదల్లేదు.

మేస్త్రి... అక్కడే ఉన్నాడు. టీ తాగుతున్నాడు.

టక్. టక్.

పైపు లేదు. కోసేశారు. తన కళ్ళతో చూసింది.

టక్... టక్...

మెల్లగా. ఆ రోజు మధ్యాహ్నం లాగ. కుళాయి నోట్లోంచి గాలి వస్తోంది. సన్నగా... చల్లగా... తడి నూలు వాసన. ఆగి ఆగి వస్తోంది. వచ్చి... ఆగి... వచ్చి. మనిషి ఊపిరి అలాగే వస్తుంది.

పారిపోవచ్చు. కానీ ఎక్కడికి? మూడు నెలలు పారిపోయింది, బిందె పట్టుకుని. ఇంక కాళ్ళలో సత్తువ లేదు. నిజం చెప్పాలంటే, భయం కన్నా అలసటే ఎక్కువగా ఉంది. కుళాయి దగ్గరికి మొహం పెట్టింది.

“పెద్దమ్మా” అంది గుసగుసగా.

గాలి ఆగింది.

“విన్నాను పెద్దమ్మా... ఆ రోజు... అన్నీ విన్నాను. నీళ్ళకనుకున్నాను. నీ మీదొట్టు, నీళ్ళకే అనుకున్నాను...”

చాలాసేపు ఏమీ లేదు. చెవి ఇనుముకి ఆనించి ఉంచింది. చెంప మొద్దుబారింది.

అప్పుడు,

టక్. టక్. టక్.

మూడు. నా పనైపోయింది. ఇంక నువ్వు పట్టుకో.

కోడలు అక్కడే తల ఆనించుకుని ఏడ్చింది. చప్పుడు లేకుండా, చాలాసేపు. లేచేసరికి ఒళ్ళు తేలికైంది. కొంగు దులిపితే ఇత్తడి టోపీ కింద పడింది. దాన్ని ఇంట్లో ఉంచుకోలేదు. ఆ ఇంట్లో మళ్ళీ పెట్టడానికి వెళ్ళలేదు. భర్త చూస్తే ఇదేంటని అడుగుతాడు. సందులోకి వెళ్ళి, కాలవలో పడుకున్న కొత్త పైపు పక్కన దాన్ని జారవిడిచి, కాలితో మట్టి తోసింది. “ఇంక పడుకో పెద్దమ్మా” అంది.

టీ తాగొచ్చిన మేస్త్రి పాత ముక్క పీకి, బెజ్జంలో సిమెంటు కూరి, కాలవ పూడ్చి, వీధి చివరికి వెళ్ళి మళ్ళీ కేకేశాడు. “వదిలానోయ్...”

కొత్త కుళాయిలోంచి ముందు గాలి తుస్సుమంది. తరవాత నీళ్ళు. ఎలాంటి నీళ్ళనుకున్నారు, బకెట్టు అడుగు దద్దరిల్లేలా, లావుగా, తెల్లగా. బడి నుంచి వచ్చిన కూతురు చెయ్యి పెట్టి, “అమ్మా, ఇది నెట్టేస్తోందే” అంది. అత్తగారిని నడిపించుకొచ్చి చూపించారు. ఆవిడ ధార వంక తేరిపార చూసి, “చప్పుడు చెయ్యకుండా వస్తోందే, మంచిదే” అంది. కూతురు కిసుక్కున నవ్వింది.

ఆ సాయంత్రం కోడలు మూడు నెలల్లో మొదటిసారి బిందె ముట్టుకోలేదు. వంట తొందరగా అయిపోయింది. భర్త వచ్చి, కుళాయి నాలుగు సార్లు తిప్పి కట్టి, కొత్త బండి కొన్నంత సంబరపడ్డాడు. మేస్త్రి వెళ్ళబోతే, “ఎక్కడికి బావా, చెమటోడ్చి నీళ్ళిచ్చావు, నాలుగు ముద్దలు తిని వెళ్ళు” అని కూర్చోబెట్టాడు. ఇంకా వెలుతురు పూర్తిగా పోలేదు. ఎప్పుడూ మంచం మీదే తినే అత్తగారిని కూడా తీసుకొచ్చి, వంటింట్లోనే అందరికీ కంచాలు పెట్టారు. వడ్డించడం అయ్యాక, “నువ్వూ కూర్చో. ఎప్పుడు చూసినా నిలబడే ఉంటావు” అన్నాడు భర్త. కోడలు కూర్చుంది. కూర్చోవడం ఇంత సుఖంగా ఉంటుందని మర్చిపోయింది.

“కూర అదిరింది చెల్లెమ్మా” అన్నాడు మేస్త్రి. “మా ఇంటిదానికి చెప్పకండి.” అందరూ నవ్వారు. అత్తగారు కూడా, అందరూ నవ్వుతున్నారు కదా అని నవ్వింది.

“అవును గానీ బావా” అన్నాడు మేస్త్రి ముద్ద కలుపుకుంటూ. “ఆ పక్కింట్లో పైపుకి అడుగున రంగంతా లేచిపోయింది. నేల మీద పడుకుని ఎవరో కొట్టినట్టు నొక్కులు. ముప్పై ఏళ్ళలో అలాంటిది చూళ్ళేదు.”

భర్త చెయ్యి కంచంలో ఆగింది. కాసేపు ఏదో లెక్క చూసుకుంటున్నట్టు ఉన్నాడు. తరవాత కోడలి వైపు తిరిగాడు.

“పడిపోయాక కొట్టిందంటావా పెద్దమ్మ? ఆ రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా. నీకు నిజంగా ఏమీ వినపడలేదూ?”

కూతురు చూస్తోంది. మేస్త్రి చూస్తున్నాడు. పైపుతో అయితే చెప్పేసింది. పైపు కాబట్టి చెప్పింది.

“లేదండీ” అంది కోడలు. “ఏమీ వినపడలేదు.”

నోరు పిడచగట్టుకుపోయింది. పొద్దుణ్ణించి ఒక్క గుక్క తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది. కొత్త కుళాయి నీళ్ళు, నిండు గ్లాసు. ఎత్తి పెదాలకి ఆనించుకుంది.

టక్.

ఎక్కడి నుంచో తెలీలేదు. పాత గోడ సిమెంటు కింద నుంచి కాదు. ఎదురు గోడా కాదు. చాలా దగ్గర నుంచి.

భర్త మళ్ళీ ముద్ద కలుపుకుంటున్నాడు. మేస్త్రి నములుతున్నాడు. కూతురు కూర వేసుకుంటోంది. ఎవరూ తలెత్తలేదు. ఎవరికీ వినపడలేదు.

కోడలు గ్లాసు ఇంకాస్త వంచింది.

“తాగకే” అంది అత్తగారు.

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ ఎవరి వంకా చూడలేదు. తల కాస్త పక్కకి వంచి, చెవి గాలిలో పెట్టి ఉంది, చిన్న చప్పుడు పట్టుకునేవాళ్ళు పెట్టినట్టు.

“ఒక్కటే కొట్టింది, వినపళ్ళేదూ? ఆగమంటోంది.”

“నానమ్మా... నీకెలా వినపడింది?” అంది కూతురు.

“పొద్దున తొమ్మిదింటి నుంచి దీపాలు పెట్టేదాకా ఆగింది ఆవిడ, నువ్వు ఆగమన్నప్పుడల్లా” అంది అత్తగారు మెల్లగా, కోపమేమీ లేకుండా. “నువ్వు కాసేపు ఆగలేవూ?”

అని, మళ్ళీ కంచంలోకి వంగి, తినడం మొదలుపెట్టింది.